బఠాణీ గింజంత

"ఫ్లోరైడ్ పూత వేద్దాం" అంది డాక్టరమ్మ,
బుగ్గన చుక్క పెడదాం అన్నంత తేలిగ్గా.
నా చెయ్యి దానంతటదే చున్నీని నోటిదాకా లాగింది.
పాత అలవాటు.

కనిగిరి అవతల మా ఊళ్ళో
ఆ మాటని మేం బడిలో నేర్చుకోలేదు,
బోరింగు దగ్గర నేర్చుకున్నాం.
ఎవరో వచ్చి గొట్టానికి ఎర్రరంగు పూసి వెళ్ళారు.
ఆ తర్వాతా అవే తాగాం, వేరే లేవు గనక.
మా చిన్నాన్న నలభై దాటకుండానే మెడ తిప్పలేక
మనిషి మొత్తం తిరిగి పలకరించేవాడు.
ఏడో తరగతి ఫొటోలో అందరం
పెదాలు బిగించుకుని ఉంటాం,
ఏదో దొంగిలించి నోట్లో దాచుకున్నట్టు.

ఇప్పుడదే పేరు
మల్కాపురంలో, మందుల షాపు పై అంతస్తులో,
చిట్టి గిన్నెలో, అరటిపండు వాసనతో.

మోక్షితకి నాలుగున్నర.
పైపళ్ళకి చిగురు వెంబడి
సుద్దముక్కతో గీసినట్టు తెల్లచార.
రాత్రి పాలసీసాలో పంచదార కలిపింది నేనే.
డాక్టరుకి చెప్పాను. ఇంట్లో చెప్పలేదు.

ఇంట్లో మా అత్త పైడమ్మ:
"ఊడిపోయే పన్నుకి వార్నీసేటే? అదేటి బీరువా తలుపా?
ఏపపుల్లతో తోమించు, లవంగం నూని రాయి.
అరవై దాటినా సెరుకుగెడ కొరికెత్తన్నాను, సూడు."
నిజమే, కొరుకుతుంది.
క్రీము బిస్కట్టు ఎరగని నోరది,
ఆ మాట మాత్రం నేననలేదు.

ఇరవై రోజులు ఆవిడ దారే నడిచాను.
పూర్ణా మార్కెట్లో గానుగ కొబ్బరినూనె,
ఉప్పు, పసుపు, లేత వేపపుల్ల.
పిల్ల నమిలి, ఉమ్మి,
"అమ్మా, ఇది చెట్టు" అంది.
చార తగ్గలేదు.
పెరగలేదు కూడా, అదీ చెప్పాలి.

మా ఆయన గౌరినాయుడు షిప్‌యార్డులో
ఓడల అడుక్కి రంగేస్తాడు.
గోళ్ళలో ఎర్రమట్టిలాంటి ప్రైమరు, ఎంత రుద్దినా పోదు.
ఆయన్నడిగితే కిటికీ ఊచ చూపించాడు, పొరలు పొరలుగా లేచిన తుప్పు.
"ఉప్పుగాలికి ఇనుమే ఆగదు. పూత మంచిదే.
కానీ ముందు గీకాలి.
గీకకుండా ఏస్తే కింద తింటానే ఉంటాది."
ఎవరి పక్షమో చెప్పకుండా
అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

మళ్ళీ వెళ్ళాను. డాక్టర్ అఫ్రీన్ ముందు చున్నీ తీసేసి
నోరు తెరిచాను. పెళ్ళిచూపుల్లో కూడా తెరవలేదు.
ఆమె దీపం వంచి చాలాసేపు చూసింది.
జాలి పడలేదు, అందుకు బతికిపోయాను.
"మీరు తాగింది బిందెలు. ఇది చుక్క.
పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగనివ్వకండి, ఉమ్మించండి.
పాలపన్ను ఊడేదే, కాదనను.
రాబోయే పన్నుకి చోటు కాచేదీ అదే.
వేపపుల్ల వద్దనను గానీ
పంచదార మాత్రం వద్దంటాను."

బిందెకీ చుక్కకీ మధ్య గీత
ఎక్కడ పడుతుందో నాకిప్పటికీ తెలీదు.
తెలీకుండానే తలూపాను.
చిన్న కుంచె. మోక్షిత నవ్వింది, చక్కిలిగింతలన్నది.

"ఈ రాత్రికి తోమకండి, కాస్త పచ్చగా కనిపిస్తుంది, పోతుంది."
విన్నాను. విన్నా సరే,
అర్ధరాత్రి ఫోను లైటు వేసి
నిద్రలో తెరుచుకున్న ఆ చిన్న నోట్లో
పసుపుపచ్చని పళ్ళు చూసి
నా గుండె బోరింగు హ్యాండిల్లా కిందికి దిగబడింది.
నా బడి ఫొటో అక్కడ పడుకుని ఉంది,
పెదాలు బిగించుకోకుండా.

హార్బర్లో ఏదో ఓడ కూత పెట్టింది.
బొగ్గు వ్యాగన్లు ఎన్నో లెక్కపెట్టి మర్చిపోయాను.

పొద్దున్నే సింకు ముందు స్టూలెక్కించాను.
బఠాణీ గింజంత. అంతకన్నా కొంచెం తక్కువే పిండి ఉంటాను.
"ఉమ్మెయ్. మళ్ళీ. మింగలేదు కదా? నిజం చెప్పు."
పచ్చదనం నురగలో పోయింది.
తెల్లచార మాత్రం ఉంది, ఉన్నచోటే.
ఆరు నెలలకి మళ్ళీ రమ్మంది.

అద్దంలో నన్ను చూసి పిల్ల అడిగింది,
"అమ్మా, నువ్వెప్పుడూ చాక్లెట్ తింటావా?"
వెనకాల వేపపుల్లతో మా అత్త
పగలబడి నవ్వింది.
నేనూ.
చెయ్యి సగం దాకా లేచి,
తడిగా ఉంది కదా అని, దించేశాను.